ఇంటి వినోద పరికరాలను టీవీకి, స్టీరియోకు కలపడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఇంట్లో ఉన్న పరికరాల మధ్య సంకేతం ఏ దారిలో వెళ్తున్నదో పటం గీసి చూపగలుగుతారు. ఒకే ఆకారంలో ఉన్న రెండు సాకెట్లలో ఏది దేనికి కలపవచ్చో, ఏది కలపకూడదో కారణంతో చెప్పగలుగుతారు. హమ్ శబ్దం, మూగ స్పీకరు, పెదవులతో కలవని మాట వంటి లోపాల మూలం వెతకగలుగుతారు. పిడుగుల కాలంలోను, తుపాను తరువాతను పరికరాలను కాపాడుకునే పద్ధతులు తెలుసుకుంటారు.

1. పరిచయం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగంలో ఒక ఇంటిని ఊహించుకోండి. హాలు గోడకు కొత్త ఎల్‌ఈడీ టీవీ ఉంది. దాని కింద బల్ల మీద ఇరవై ఏళ్ళ నాటి స్టీరియో ఆంప్లిఫయర్, ఇటూ అటూ రెండు చెక్క స్పీకరు బాక్సులు. పక్కనే ఒక క్యాసెట్ డెక్కు, ఒక డీవీడీ ప్లేయరు. మేడ మీద డిష్ ఉంది. వీధి స్తంభం నుంచి ఫైబర్ కేబుల్ కూడా వచ్చింది, దాని చివర మరో బాక్సు. ఇంతమంది ఉన్న ఈ సంసారంలో శబ్దం మాత్రం టీవీ వెనుక దాగిన రెండు చిన్న స్పీకర్ల నుంచే వస్తున్నది. స్టీరియో మీద దుమ్ము పేరుకుంది.

ఇది మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో కనిపించే స్థితే. టీవీ పలచబడినకొద్దీ దానిలోని స్పీకర్లకు చోటు తగ్గింది. అవి ముందుకు కాకుండా కిందికో వెనుకకో తిరిగి ఉంటాయి. తక్కువ పౌనఃపున్యం గల శబ్దాలను, అంటే మృదంగం ఎడమ వైపు ధ్వనిని, డప్పు గుండె శబ్దాన్ని పలికించాలంటే ఎక్కువ గాలిని కదిలించాలి. ఆ పని అగ్గిపెట్టెంత స్పీకరు చేయలేదు, చెక్క బాక్సులోని పాత ఆరంగుళాల స్పీకరు చేస్తుంది. కాబట్టి దుకాణంలో సౌండ్‌బార్ కొనేముందు ఇంట్లో ఉన్నదాన్ని కలిపి చూడటమే తెలివైన పని. దానికి కావలసింది సరైన కేబుల్. సరికాని కేబుల్ కొంటే కొన్ని వందల రూపాయలు పోతాయి. సరికాని చోట గుచ్చితే ఆంప్లిఫయరే పోవచ్చు.

చాలామంది పిన్ను సరిపోతే చాలనుకుంటారు. ఆకారం సరిపోవడం ఆఖరి మెట్టు మాత్రమే. ఏ రెండు పరికరాలను కలపాలన్నా ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సంకేతం ఎటు నుంచి ఎటు వెళ్ళాలి? అది ఏ రకం సంకేతం? దాని బలం ఎంత? ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా పిన్ను చక్కగా కూర్చుంటుంది గాని పని జరగదు.

2. ఎటు నుంచి ఎటు?

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి నీరు పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువలోకి, చివరికి మడిలోకి వెళ్తుంది. మడి నుంచి బ్యారేజీకి నీరు ఎక్కదు. పరికరాల మధ్య సంకేతం కూడా అంతే. సంకేతం పుట్టే పరికరంలో ఉండే సాకెట్ 'అవుట్', దాన్ని అందుకునే పరికరంలోని సాకెట్ 'ఇన్'. కేబుల్ ఒక చివర ఎప్పుడూ అవుట్‌లో, రెండో చివర ఎప్పుడూ ఇన్‌లో ఉండాలి.

చెప్పడానికి ఇంత తేలికైన నియమం ఆచరణలో ఎందుకు తప్పుతుంది? ఎందుకంటే మధ్యలో ఉండే పరికరానికి రెండూ ఉంటాయి. టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి బొమ్మను, శబ్దాన్ని అందుకుంటుంది, ఆ శబ్దాన్నే స్టీరియోకు పంపగలదు. క్యాసెట్ డెక్కుకు 'లైన్ ఇన్', 'లైన్ అవుట్' అని రెండు జతలు ఉంటాయి. పాటలు వినడానికి అవుట్, రికార్డు చేయడానికి ఇన్. ఎరుపు, తెలుపు రంగులు రెండు జతలకూ ఒకటే. రంగు చూసి గుచ్చితే సగం సార్లు తప్పుతుంది, పక్కనున్న అక్షరాలు చదివి గుచ్చాలి.

దిశ విషయంలో ఎక్కువగా మోసపోయేది కన్వర్టర్ కొనేటప్పుడు. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే చిన్న పెట్టె వేరు, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే పెట్టె వేరు. రెండూ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో దొరుకుతాయి. పాత డీవీడీ ప్లేయరును కొత్త టీవీకి కలపాలంటే రెండోది కావాలి. కొత్త బాక్సును పాత డబ్బా టీవీకి కలపాలంటే మొదటిది కావాలి. దుకాణంలో 'హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఇవ్వండి' అని అడగకండి. 'ప్లేయరులో ఏవీ, టీవీలో హెచ్‌డీఎంఐ' అని రెండు చివరలూ చెప్పి అడగండి.

ఈ దిశా నియమానికి ఒక మినహాయింపు ఉంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణంలో 'ఏఆర్‌సీ' అనే ఏర్పాటు చేర్చారు. సౌండ్‌బార్ లేదా రిసీవర్ నుంచి టీవీకి వెళ్ళే కేబుల్‌లోనే టీవీ శబ్దం వెనక్కి రావడం దీని పని. ఇది టీవీకి ఉన్న అన్ని హెచ్‌డీఎంఐ సాకెట్లలోనూ ఉండదు. సాధారణంగా ఒకదాని పక్కనే ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. రెండు పరికరాలకూ ఆ సదుపాయం ఉంటేనే పనిచేస్తుంది. మన ఉదాహరణలోని పాత స్టీరియోకు అసలు హెచ్‌డీఎంఐ లేదు కాబట్టి దానికి దీనితో ప్రయోజనం లేదు.

3. ఏ రకం సంకేతం?

ఇంట్లోకి వచ్చే సంకేతాలతో మొదలుపెడదాం. డిష్ మధ్యలో ముందుకు పొడుచుకు వచ్చిన భాగాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. ఉపగ్రహం నుంచి సుమారు 11, 12 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో వచ్చే తరంగాలను అది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌కు దించి, 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్ గుండా కిందికి పంపుతుంది. ఆ ఎల్‌ఎన్‌బీకి కావలసిన విద్యుత్తు కూడా అదే కేబుల్‌లో పైకి వెళ్తుంది. సెట్‌టాప్ బాక్సు 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. కేబుల్ చివర కోసి కనెక్టర్ బిగించేటప్పుడు బయటి అల్లిక పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా ఆ విద్యుత్తు షార్ట్ అవుతుంది, తెర మీద 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. డిష్ తిప్పి తిప్పి అలసిపోయేవారు ముందు ఈ కనెక్టర్ విప్పి చూడటం మంచిది. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి ఈ కనెక్టర్లు త్వరగా తుప్పు పడతాయి కూడా.

ఒకప్పుడు కేబుల్ ఆపరేటరు ఇచ్చిన వైరును నేరుగా టీవీ వెనుక గుచ్చితే బొమ్మ వచ్చేది. గ్రామాలతో సహా దేశమంతటా అనలాగ్ కేబుల్ ప్రసారాలు ఆపడానికి కేంద్ర ప్రభుత్వం 2017 మార్చి 31ని గడువుగా పెట్టింది. అప్పటి నుంచి బాక్సు తప్పనిసరి అయింది. డిష్ వైరును కూడా నేరుగా టీవీకి కలిపితే బొమ్మ రాదు, ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉన్న కొన్ని కొత్త టీవీలు మాత్రం దీనికి మినహాయింపు.

ఫైబర్ సంగతి వేరు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా గాజు తీగలు లాగి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడింటినీ ఇంటికి తెచ్చింది. ఫైబర్‌లో ప్రయాణించేది కాంతి. దానిలో విద్యుత్తు లేదు. ఈ చిన్న తేడా 6వ భాగంలో మనకు చాలా ఉపయోగపడుతుంది.

ఇక బాక్సు నుంచి బయటికి వచ్చే సంకేతాలు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ కేబుల్ అనలాగ్ రకానికి చెందినది. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. ఈ పిన్నును ఆర్‌సీఏ పిన్ను అంటారు. అమెరికాలోని రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా పేరులోని తొలి అక్షరాలవి. గ్రామఫోన్‌ను రేడియోకు కలపడానికి ఆ సంస్థ తెచ్చిన పిన్ను ఇంకా మన బల్ల మీద ఉన్నదంటే, అది ఎంత సరళమైనదో ఊహించుకోవచ్చు. హెచ్‌డీఎంఐ డిజిటల్ రకం. 19 కాళ్ళ ఒకే పిన్నులో బొమ్మ, శబ్దం రెండూ అంకెల రూపంలో వెళ్తాయి. ఆప్టికల్ కేబుల్ శబ్దాన్ని మాత్రమే, ఎర్రని కాంతి రూపంలో తీసుకువెళ్తుంది. జపాన్‌కు చెందిన తోషిబా దీన్ని 1983లో తెచ్చింది. దాని చివర ఉండే ప్లాస్టిక్ టోపీ తీయకుండా గుచ్చి, పనిచేయడం లేదనేవారు చాలామంది ఉంటారు.

3.5 మిల్లీమీటర్ల జాక్ గురించి ఒక హెచ్చరిక. హెడ్‌ఫోన్ పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉంటే అది ఎడమ, కుడి, ఎర్త్ అనే మూడు భాగాలది. మూడు గీతలు ఉంటే నాలుగు భాగాలది, ఫోన్ హెడ్‌సెట్‌లో నాలుగోది మైకు. చాలా సెట్‌టాప్ బాక్సుల వెనుక 'ఏవీ' అని రాసి ఉన్న చిన్న రంధ్రం ఈ నాలుగు భాగాల రకమే, అక్కడ నాలుగోది బొమ్మ. అయితే ఏ భాగంలో ఏది ఉండాలన్నదానికి కంపెనీలన్నీ ఒకే క్రమం పాటించలేదు. ఒక బాక్సుతో వచ్చిన కేబుల్ మరో బాక్సులో గుచ్చితే బొమ్మ రాక, స్పీకర్లో బుర్రుమనే శబ్దం రావచ్చు. పాత బాక్సు పోయినా దాని కేబుల్‌ను కొత్తదానితో కలిపేయకుండా పేరు రాసి విడిగా కట్టి ఉంచండి.

4. బలం ఎంత?

మూడు ప్రశ్నల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే. అనలాగ్ శబ్ద సంకేతాలన్నీ ఒకే బలంతో ఉండవు. గ్రామఫోన్ సూది నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. డీవీడీ ప్లేయరు, డెక్కు, సెట్‌టాప్ బాక్సు, ఫోను ఇచ్చే సంకేతాన్ని లైన్ స్థాయి అంటారు, అది సుమారు 0.3 నుంచి 2 వోల్టుల వరకు ఉంటుంది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు వెళ్ళేది దీనికి చాలా రెట్లు. 8 ఓమ్‌ల స్పీకరులోకి 20 వాట్లు పంపాలంటే వోల్టేజి ఎంత ఉండాలో లెక్కకట్టండి. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 160కి వర్గమూలం, అంటే సుమారు 12.6 వోల్టులు.

ఇప్పుడు పర్యవసానాలు చూద్దాం. ఆంప్లిఫయర్ వెనుక 'ఆక్స్', 'సీడీ', 'టేప్' అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లన్నీ లైన్ స్థాయివే. పేరుతో పట్టింపు లేదు, టీవీ శబ్దాన్ని వీటిలో దేనికైనా ఇవ్వవచ్చు. 'ఫోనో' అని ఉన్నది మాత్రం సూదిలోని మిల్లీవోల్టుల కోసం. అక్కడ టీవీని కలిపితే శబ్దం చీలిపోయి, దద్దరిల్లుతుంది. మైకు ఇన్‌పుట్ కూడా అంతే. ఒక ఆంప్లిఫయర్ స్పీకరు టెర్మినళ్ళ నుంచి తీగలు లాగి మరో ఆంప్లిఫయర్ ఆక్స్‌లో గుచ్చడం అన్నిటికంటే ప్రమాదకరం. 2 వోల్టుల కోసం తయారైన చోటికి 12 వోల్టులు వెళ్తాయి. పైగా కొన్ని ఆంప్లిఫయర్లలో నల్ల టెర్మినల్ ఎర్త్ కాదు, దానిలో కూడా సంకేతం ఉంటుంది. దాన్ని రెండో పరికరం ఎర్త్‌కు తగిలిస్తే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఒక్క క్షణంలో కాలిపోవచ్చు.

శివరాత్రి ఉత్సవాలకు స్తంభాలకు కట్టే హారన్ స్పీకర్ల పద్ధతి మరొకటి. మైకు సెట్టు ఆంప్లిఫయర్ 70 లేదా 100 వోల్టుల లైను ఇస్తుంది. ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు కాబట్టి వందల మీటర్లు సన్నని తీగలో కూడా నష్టం తక్కువ. ప్రతి హారన్ దగ్గరా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దించుతుంది. ఇంటి స్పీకరును నేరుగా ఆ 100 వోల్టుల టెర్మినల్‌కు కలిపితే కాయిల్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్‌ను ఇంటి స్టీరియోకు కలిపితే దోమ పాడినట్టు వినిపిస్తుంది. ఉత్సవం అయ్యాక ఇంటికి తెచ్చిన హారన్‌తో ప్రయోగాలు చేసే యువకులు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

స్పీకరు తీగ మందం గురించి ఒక లెక్క. 0.5 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.034 ఓమ్ నిరోధం ఉంటుంది. బాక్సు 10 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 20 మీటర్లు, అంటే దాదాపు 0.7 ఓమ్. 4 ఓమ్‌ల స్పీకరు అయితే వోల్టేజిలో సుమారు 15 శాతం తీగలోనే పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే అది 5, 6 శాతానికి దిగుతుంది. ఇళ్ళ వైరింగ్‌కు వాడే మామూలు తీగ చాలు, దీనికోసం ఖరీదైన 'ప్రత్యేక' తీగ కొనవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఒక ఆంప్లిఫయర్ వెనుక 'స్పీకరు కనీసం 8 ఓమ్' అని ఉంది. ఎడమ టెర్మినళ్ళకు 8 ఓమ్‌ల బాక్సు ఒకటి ఇప్పటికే ఉంది. వరండాలో వినడానికి మరో 8 ఓమ్‌ల బాక్సును అవే టెర్మినళ్ళకు కలపవచ్చా?

జవాబు: కలపకూడదు. సమాంతరంగా కలిపిన రెండు 8 ఓమ్‌లు 4 ఓమ్‌లు అవుతాయి. అదే వోల్టేజికి కరెంటు రెట్టింపు అవుతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కి పాడవుతుంది.

5. మన ఉదాహరణను కలుపుదాం

కలపడానికి రెండు దారులు ఉన్నాయి. బాక్సు నుంచి బొమ్మను టీవీకి, శబ్దాన్ని నేరుగా స్టీరియోకు పంపడం మొదటిది. అన్నిటినీ టీవీకి ఇచ్చి, టీవీ నుంచి ఒకే శబ్దపు దారి స్టీరియోకు తీయడం రెండోది.

మొదటిది సులభంగా కనిపిస్తుంది. కాని దానిలో ఒక చిక్కు ఉంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను తెర మీద చూపేముందు దాన్ని శుద్ధి చేయడానికి కొంత సమయం తీసుకుంటుంది. నేరుగా వెళ్ళిన శబ్దం ముందే చెవిని చేరుతుంది, వార్తలు చదివేవారి పెదవులు కదలకముందే మాట వినిపిస్తుంది. శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనుక వచ్చినా ప్రేక్షకులు గుర్తుపడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫారసు చెబుతుంది. శబ్దం ముందుగా రావడాన్ని మనం తక్కువ సహిస్తామన్నమాట. ఇది సహజమే. దూరాన బట్టలు ఉతికేవారి దెబ్బ కనిపించాక శబ్దం రావడం మనకు అలవాటు, దెబ్బకు ముందు శబ్దం రావడం ప్రకృతిలో లేదు. రెండో దారిలో టీవీయే రెండింటినీ సమం చేసి పంపుతుంది. అందువల్ల రెండో దారినే ఎంచుకోండి.

అన్ని ప్లగ్గులూ బోర్డు నుంచి తీసివేయండి. స్విచ్ కట్టేస్తే చాలదా అంటే చాలదు, కారణం తరువాతి భాగంలో ఉంది. డిష్ బాక్సును, ఫైబర్ బాక్సును చెరొక హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. డీవీడీ ప్లేయరుకు హెచ్‌డీఎంఐ లేకపోతే, టీవీలో ఏవీ ఇన్ ఉంటే మూడు రంగుల కేబుల్ చాలు.

తరువాత టీవీ నుంచి స్టీరియోకు. టీవీలో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అదృష్టం. ఒక చివర 3.5 జాక్, మరో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ కొని ఆంప్లిఫయర్ ఆక్స్‌కు కలపండి. టీవీ వాల్యూమును మూడు వంతుల దగ్గర ఉంచి, ఆంప్లిఫయర్ నాబ్‌ను తక్కువ నుంచి మెల్లగా పెంచండి. టీవీ బాగా తగ్గించి ఆంప్లిఫయర్ బాగా పెంచితే సరసరమనే శబ్దం కూడా పెరుగుతుంది.

చాలా కొత్త టీవీలకు హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, ఆప్టికల్ ఒక్కటే ఉంటుంది. అప్పుడు డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే డీఏసీ అనే చిన్న పెట్టె కావాలి. కాంతి ఒకవైపు లోపలికి, ఎరుపు తెలుపు పిన్నులు రెండోవైపు బయటికి. దీన్ని కలిపాక నిశ్శబ్దమో, చిటపటలో వస్తే పెట్టె పాడైందని వాపసు ఇవ్వకండి. టీవీ సెట్టింగుల్లో శబ్దం విభాగానికి వెళ్ళి డిజిటల్ అవుట్‌పుట్‌ను 'పీసీఎం'గా మార్చండి. టీవీ తనంతట తాను డాల్బీ సంకేతాన్ని పంపుతుంటే ఈ చిన్న పెట్టె దాన్ని విప్పలేదు. ఈ ఒక్క మార్పు తెలియక మూలన పడ్డ పెట్టెలు ఎన్నో.

బ్లూటూత్ కూడా ఉంది. ఫోన్‌లో పాటలు వినడానికి ఆక్స్‌లో గుచ్చే బ్లూటూత్ రిసీవర్ చక్కగా సరిపోతుంది. సినిమాకు మాత్రం వద్దు, దానిలో సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది.

చివరగా స్పీకర్ల ఎరుపు, నలుపు. రెండు బాక్సుల్లో ఒకదానికి తీగలు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది, గంభీర శబ్దం మాయమవుతుంది. వార్తల గొంతు రెండు బాక్సుల మధ్య నుంచి వస్తున్నట్టు వినిపించాలి. ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా హాలంతా పరచుకున్నట్టు ఉంటే ఒక బాక్సు తీగలు మార్చి చూడండి.

క్యాసెట్ డెక్కు సంగతి విడిగా చెప్పాలి. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళలో జముకుల కథలు, తప్పెటగుళ్ళ పాటలు, ఇంటి పెద్దల గొంతులు క్యాసెట్లలో ఉన్నాయి. అవి మరెక్కడా లేకపోవచ్చు. డెక్కు 'లైన్ అవుట్' నుంచి కంప్యూటరు 'లైన్ ఇన్'కు కలిపి వాటిని దాచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు మైకు రంధ్రం ఒక్కటే ఉంటే దానిలో గుచ్చకండి, 4వ భాగంలో చెప్పిన బలం తేడా వల్ల శబ్దం చీలిపోతుంది. యూఎస్‌బీకి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి. పాత టేపు ప్రతిసారీ కొంచెం అరుగుతుంది కాబట్టి, విలువలేని క్యాసెట్‌తో సర్దుబాట్లన్నీ చేసుకుని, హెడ్‌ను శుభ్రం చేసి, అసలుదాన్ని ఒక్కసారే నడపండి.

6. హమ్ శబ్దం, చిరుషాక్, ఎర్త్

అన్నీ సరిగా కలిపినా స్పీకర్లలో సన్నగా 'మ్‌మ్' అని వినిపించవచ్చు. మన విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ 50 హెర్ట్జే మీరు వింటున్నది. ఆంప్లిఫయర్ ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంది. డిష్ వైరు బయటి అల్లిక మేడ మీద ఇనుప చువ్వ గుండా మరోచోట భూమికి తగిలి ఉంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య ఉండే స్వల్ప వోల్టేజి తేడా కేబుళ్ళ అల్లికల గుండా కరెంటును తిప్పుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. పరీక్ష చాలా సులభం. డిష్ వైరును బాక్సు నుంచి విప్పండి. హమ్ ఆగితే దోషి అదే. ఫైబర్ బాక్సు వాడేటప్పుడు ఈ బాధ చాలావరకు ఉండదు, గాజులో కరెంటు తిరగదు కదా. టీవీకి, స్టీరియోకు మధ్య ఆప్టికల్ కేబుల్ ఉన్నా అదే లాభం.

హమ్ పోగొట్టడానికి కొందరు ఆంప్లిఫయర్ ప్లగ్గులోని మూడో పిన్ను విరిచేస్తారు. హమ్ పోతుంది, నిజమే. లోపల ఎప్పుడైనా ఫేజు తీగ ఇనుప పెట్టెకు తగిలితే దాన్ని ముట్టుకున్నవారి ప్రాణం కూడా పోతుంది. మూడో పిన్ను జోలికి వెళ్ళకండి. వైరులో ఐసొలేటర్ పెట్టండి.

మరో ఫిర్యాదు, హెచ్‌డీఎంఐ పిన్ను ముట్టుకుంటే జలదరింపు. రెండు పిన్నుల అడాప్టర్లలో, విద్యుత్ గందరగోళాన్ని వడగట్టే ఒక చిన్న కెపాసిటర్ ద్వారా అతి తక్కువ కరెంటు బయటి లోహానికి కారుతుంది. ఎర్త్ లేకపోతే ఆ లోహం మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజి కనిపిస్తుంది, టెస్టరు పెడితే వెలుగుతుంది. కరెంటు అతిస్వల్పం కాబట్టి మామూలుగా మనిషికి ప్రమాదం లేదు. కాని పిన్ను గుచ్చే క్షణంలో అది సున్నితమైన కాళ్ళ గుండా ప్రవహించి హెచ్‌డీఎంఐ పోర్టును చంపగలదు. ప్లగ్గులు తీసి కలపమన్నది ఇందుకే. జలదరింపు గట్టి షాక్‌గా ఉంటే, లేదా పాత ఆంప్లిఫయర్ ఇనుప పెట్టె నుంచి వస్తే వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

చాలా పాత ఇళ్ళలో బోర్డుకు మూడో రంధ్రం ఉంటుంది గాని దాని వెనుక తీగ ఉండదు. ఉంటే, అది పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతిన గుంతకు చేరుతుంది. ఇసుక కలిసిన నేల వేసవిలో ఎండితే నిరోధం పెరిగి ఎర్త్ పేరుకే మిగులుతుంది. ఆ గుంతలో ఎండాకాలం నీళ్ళు పోయించడం టీవీ సంరక్షణలో భాగమే.

7. పిడుగు, తుపాను

వేసవి చివర సాయంత్రాలు పిడుగుల కాలం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపే హెచ్చరిక ఫోనుకు వచ్చిన వెంటనే అన్ని ప్లగ్గులూ, డిష్ వైరూ తీసివేయండి. ఉరుములు దగ్గరపడ్డాక తీగలు ముట్టుకోవద్దు, అప్పుడు టీవీ కంటే మీరు ముఖ్యం. ఫైబర్ ఉన్నవారు నిశ్చింతగా ఉండకూడదు. గాజు విద్యుత్తును మోయదు గాని, చాలా ఫైబర్ కేబుళ్ళలో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది, అడాప్టరు ఎలాగూ కరెంటు లైనుకే ఉంటుంది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డు అదనపు వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్ళించడానికే తయారైంది. ఎర్త్ లేని ఇంట్లో అది సగం పనే చేస్తుంది.

తుపాను తరువాతి ప్రమాదం చాలామంది గుర్తించనిది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో స్తంభాలు, తీగలు విపరీతంగా దెబ్బతిన్నాయి. ఇలాంటప్పుడు లైన్లు మళ్ళీ కలిపే క్రమంలో న్యూట్రల్ తీగ తెగి ఉంటే, 230 వోల్టులు రావలసిన ఇంటికి రెండు ఫేజుల మధ్య వోల్టేజి, 400 వోల్టుల దాకా, రావచ్చు. ఇంట్లో నిద్రపోతున్న అడాప్టర్లన్నీ ఒకేసారి పేలతాయి. కాబట్టి కరెంటు పోగానే ప్లగ్గులు తీసి ఉంచండి. వచ్చాక ముందుగా ఒక పాత ఫిలమెంట్ బల్బు వేసి పది నిమిషాలు చూడండి. మరీ తెల్లగా వెలిగినా, మినుకుమినుకుమన్నా టీవీ జోలికి వెళ్ళకుండా లైన్‌మన్‌కు చెప్పండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పరీక్షకు పనికిరాదు, వోల్టేజి మారినా దాని వెలుతురు పెద్దగా మారదు. ఇంట్లో ఒక్క పాత బల్బయినా ఈ పని కోసం దాచి ఉంచండి.

అభ్యాసం

1. మీ ఇంట్లోని ప్రతి పరికరాన్ని ఒక గడిగా గీసి, గడుల మధ్య బాణం గుర్తులతో సంకేత దిశ చూపండి. ప్రతి బాణం పక్కన అనలాగా, డిజిటలా, ఎంత బలం అన్నది రాయండి.

2. ఒక టీవీలో ఆప్టికల్ అవుట్ ఒక్కటే ఉంది. పాత స్టీరియోలో ఆక్స్, ఫోనో, టేప్ ఇన్‌పుట్‌లు ఉన్నాయి. ఏమేమి కావాలి? ఏ ఇన్‌పుట్ వాడకూడదు? టీవీ సెట్టింగుల్లో ఏమి మార్చాలి?

3. డిష్ బాక్సు పెట్టినప్పుడు హమ్ వస్తున్నది, ఫైబర్ బాక్సు పెట్టినప్పుడు రావడం లేదు. కారణం వివరించండి.